లోపలి గడియ

మా ఇంట్లో పరదాలకు కొదవ లేదు. కింద అంగట్లో పెద్దాడు గుడ్డ అమ్ముతాడు, చిన్నాడు పరదాలు కుట్టి ఇస్తాడు. ఈ చుట్టుపక్కల సగం కిటికీలకు వేలాడేవి మావే. తలుపుల సంగతి మాత్రం అడక్కండి. పైన మేముండే మూడు గదుల్లో సరిగ్గా మూసుకునేది స్నానాల గది తలుపొక్కటే. పెద్దాడి గది తలుపు పట్టుకుని పిల్లలు ఊగీ ఊగీ అది కాస్తా కుంగిపోయింది. నేను పడుకునే వెనక గది తలుపుకి గుడ్డ తానులు అడ్డం. వేళాపాళా లేకుండా కిందనుంచి ఎవరో ఒకరు వచ్చి నీలం తాను ఎక్కడుందంటూ నా మంచం కింద తల దూర్చేవాళ్లు. ఇక చిన్నాడూ, చిన్నకోడలూ హాల్లో. వాడే కుట్టి వేలాడదీసిన మందపాటి పరదా వెనకాల వాళ్ల కాపురం. స్నానాల గదికి వెళ్లాలంటే ఇంటిల్లిపాదీ ఆ పరదా పక్కనుంచే వెళ్లాలి. వెళ్లేవాళ్లు దగ్గి మరీ వెళ్తారు. మా ఇంట్లో అందరికీ దగ్గు అలా వచ్చిందే.

పెళ్లయిన కొత్తలోనే నా గది తీసుకోండర్రా అన్నాను. అమ్మని హాల్లో పడుకోబెట్టి మేం గదిలో పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు చిన్నాడు. ఆ నలుగురూ ఎవరోగానీ ఇంతవరకూ మా మెట్లెక్కింది లేదు. పెద్దాడేమో ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని సామెత చెప్పి నవ్వాడు. పెద్దకోడలు ఆ పూట వాడికి చల్లారిన టీ ఇచ్చింది.

చిన్నకోడలు నెమ్మదస్తురాలు. బజారువీధిలో కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. రోజంతా ఎవరో ఒకరి కళ్లలోకి చూడటమే పని కాబట్టి ఆ పిల్ల దగ్గర మొహం దాచుకోవడం కష్టం. ఒకరోజు సాయంత్రం మెట్ల మీద వెలుతురులో కూర్చుని అంచులు కుడుతుంటే వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ల దుకాణానికి ఎదురుగా, రొట్టెల బట్టీ పైన మూడో అంతస్తులో ఒక గది అద్దెకుందట. ఒక్కటే గదట. వంటా, పడకా, స్నానం అన్నీ అందులోనేనట. చిన్నదేగానీ తలుపుంది అత్తయ్యా అంది. తలుపుంది అన్నప్పుడు గాల్లోనే గడియ వేసినట్టు చేత్తో చూపించింది. పెళ్లయి ఇన్నేళ్లకి ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

పెద్దాణ్ణి నేను ఒప్పిస్తానన్నాను, ఒప్పించాను. వేరుకాపురం అనే మాట రాకుండా, దుకాణానికి దగ్గర కదా అని, చీకటి పడ్డాక నడిచి రావడం ఎందుకని చెప్పాను. నా నోరు మంచిది కాదని మా ఆయన బతికున్నన్నాళ్లూ అనేవాడు. కానీ పనికొచ్చే నోరని ఆయనకీ తెలుసు.

గది చూడటానికి ముగ్గురం వెళ్లాం. ఆ వీధి సంగతి చెప్పాలి. పళ్లబళ్లు, చెప్పులు కుట్టేవాడు, క్షవరశాలలో రేడియో, ఫోన్లు బాగుచేసే కొట్లు, వాటి మధ్యలోంచి దూరి వచ్చే బస్సు. పక్కమనిషితో మాట్లాడాలన్నా కేకెయ్యాల్సిందే. బట్టీ పక్క సందులోంచి మెట్లు. రొట్టె కాలే వాసన మూడో అంతస్తు దాకా మనతో పాటే ఎక్కుతుంది.

గది సొంతదారు ఓడల్లో వడ్రంగం చేసిన మనిషి. జీవితమంతా నీళ్ల మీద గడిపి, ముసలితనంలో ఈ గది తన కోసం కట్టుకున్నాడట. రోజూ మెట్లెక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదని ఇప్పుడు కింద బట్టీ వెనకాల ఉంటున్నాడు. మేస్త్రిగారూ అని పిలిస్తే సంతోషిస్తాడు. ఓడలో వేలెడు జాగా కూడా ఊరికే వదలరట, ఇక్కడా అలాగే వదల్లేదు. గోడలో ఒక ఇత్తడి పిడి లాగితే మంచం కిందికి దిగింది. కిటికీ పక్కన పలక దింపితే బల్ల అయింది, ఆ బల్ల కిందనుంచి రెండు ముక్కాలిపీటలు వచ్చాయి. బీరువా అనుకుని తెరిస్తే పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి. అద్దం పక్కకి తిప్పితే ఇస్త్రీ బల్ల. మంచం పైకి నెట్టేస్తే గది నడుమ చిన్నపిల్లలు గంతులేసేంత చోటు. ఆయన ఒక్కొక్కటీ తెరిచి మూసి, మమ్మల్ని కూడా మూయమన్నాడు. గది మీద చెయ్యి ఎలా వేస్తారో చూస్తే మనిషి తెలిసిపోతాడట. చిన్నాడు మంచాన్ని ధడాలున గోడకి కొట్టాడు. చిన్నకోడలు పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మూసింది. నా వంతు వచ్చింది. నేను మూశాక ఆయన తలాడించాడు.

చిన్నాడి మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది, స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తీస్తాడో లేదో నాకు అనుమానమే. వాడు గోడలూ కిటికీలూ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు ఒక బుద్ధి పుట్టింది. తలుపు మూస్తే బజారు గోల ఎంత వినపడుతుందో చూస్తాను, మీరంతా కాస్త బయట నిలబడండి అన్నాను. ముగ్గురూ వెళ్లారు. నేను తలుపు మూసి గడియ వేశాను.

అరవై దాటినదాన్ని. పుట్టింట్లో అక్కచెల్లెళ్ల మధ్య పడుకున్నాను. అత్తింట్లో ఆడపడుచుల మధ్య. తర్వాత మొగుడి పక్కన, పిల్లల మధ్య, ఆయన పోయాక గుడ్డ తానుల మధ్య. నా జన్మలో లోపలినుంచి గడియ వేసుకున్నది స్నానాల గదిలోనే, అక్కడా ఎవరో ఒకరు బయట నిలబడి త్వరగా రమ్మని తలుపు కొడుతూనే ఉండేవాళ్లు.

లోపల నేను చేసింది ఏమీ లేదు. బల్ల దింపి, పీట లాక్కుని కూర్చున్నాను. చెప్పులు విప్పాను. కిటికీలోంచి బజారంతా కనపడుతోంది, గోలంతా వినపడుతోంది, కానీ అందులో ఒక్కరికీ నాతో పని లేదు. పండ్లు బేరం చేసేదాన్ని చూసి నవ్వుకున్నాను. ఏదో పాత పాట కూనిరాగం తీశాను, ఎవరూ ఏంటమ్మా అనలేదు. ప్రాణం హాయిగా ఉండటమంటే ఇదా అనిపించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి చిన్నాడు భయపడి అమ్మా అమ్మా అని తలుపు బాదాడు. మొహం కడుక్కుని వచ్చి తీశాను.

గోల పెద్దగా లేదు, బాగుందర్రా అన్నాను. చిన్నకోడలు నా మొహం కేసే చూస్తోంది. నేను మెట్ల కేసి చూశాను.

మేస్త్రి ఆదివారం సాయంత్రం లోపల మాట చెప్పమన్నాడు. అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ తర్వాత ఆగనన్నాడు. చిన్నాడికి అదీ మంచిదే అయింది. అంగట్లో నమూనాలు కత్తిరించే గోధుమరంగు కాగితం తెచ్చి, వాళ్ల పెట్టె, కుట్టుమిషను, దుప్పట్ల మూట అన్నీ కొలిచి, ఆ కొలతల ప్రకారం ముక్కలు కత్తిరించాడు. వాటిని హాల్లో పరిచి, జరిపి జరిపి చూశాడు. ఇంటిల్లిపాదీ ఆ కాగితాలు తొక్కకుండా అంగలేసుకుంటూ స్నానానికి వెళ్లాం. మిషను కిటికీ దగ్గర పెడితే బల్ల దిగదు, బల్ల దిగితే మిషను తలుపుకి అడ్డం. మిషను అంగట్లోనే ఉంటుందిగా, దాన్ని ఇంటికెందుకు మోస్తావని పెద్దకోడలు అడిగింది. అంతవరకూ వాడికి తట్టనే లేదు.

ఆ రాత్రి అందరూ సర్దుకున్నాక చిన్నకోడలు నా గదిలోకి వచ్చింది. గుడ్డ తాను మడతపెట్టే వంక పెట్టుకుని, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది.

"అత్తయ్యా, ఆ గది మీకు కావాలనిపించిందా?" అంది.

సూటిగా అడిగింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడగకుండానే పెడుతోంది కోడలు. నేను చెయ్యాల్సిందల్లా ఔననడం. ఊరందరికీ బుద్ధులు చెప్పే నోరు, పెద్దాడి మొండితనాన్నే వంచిన నోరు, అప్పుడు పెగల్లేదు.

"నాకెందుకే ఈ వయసులో ప్రత్యేకంగా గది? మతిపోయిందా నీకు?" అన్నాను.

ఆ పిల్ల కాసేపు నిలబడింది. తాను మడత అయిపోయాక కూడా కొస వదల్లేదు. నేనే లాక్కున్నాను. అలాగే అత్తయ్యా అని వెళ్లిపోయింది.

నా భయాలు నాకున్నాయి. మొగుడు పోయిన మనిషి ఇద్దరు కొడుకులుండగా వేరే గదిలో ఉంటే, కొడుకులు చూడట్లేదంటారు. కోడళ్లు తరిమేశారంటారు. ఆయన పింఛను నాకొస్తుంది, అద్దెకి ఇబ్బంది లేదు. కానీ కుర్రవాళ్లు ఇన్నేళ్లు ఎదురుచూసిన తలుపుని ముసలిదాన్ని నేను లాక్కోవడమేంటి? సిగ్గేసింది. సిగ్గు ఒక పక్క, ఆశ ఒక పక్క. కక్కలేక మింగలేక అన్నట్టయింది నా పని.

ఆశే గెలిచింది, శనివారం మధ్యాహ్నం. గొడుగు మర్చిపోయానని అబద్ధం చెప్పి ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. మేస్త్రి కిందనే కూర్చుని తాళం ఇచ్చి, మీరే వెళ్లి చూసుకోండమ్మా అన్నాడు. మంచం దించి దాని మీద పడుకున్నాను. కిందికి వచ్చాక, ఒక్క మనిషికైతే చాలా బాగుంటుంది మేస్త్రిగారూ అన్నాను. ఒక్క మనిషి కోసమే కట్టానమ్మా, మీరుంటానంటే మీకే ఇచ్చేస్తాను అన్నాడాయన. రేపు చెప్తానని వచ్చేశాను. సందులోంచి బయటికొచ్చి ఎదర చూద్దును కదా, కళ్లజోళ్ల దుకాణం అద్దాల వెనక నిలబడి చిన్నకోడలు నన్నే చూస్తోంది. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని నడిచాను. గొడుగు లేదు, చేతిలో ఏమీ లేదు. ఎండ మాత్రం ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ పిల్ల దాని గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. మామూలుగానే తిన్నాం, గిన్నెలు కడుక్కున్నాం. ఆ రాత్రి నిద్ర పట్టక నన్ను నేనే తిట్టుకున్నాను. పరదా పక్కన దగ్గు వినపడినప్పుడల్లా, ఏమే, ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాక్కుంటావా అనుకున్నాను. తెల్లారేసరికి మనసు గట్టి చేసుకున్నాను. పొద్దున్నే పాలకని బయల్దేరి బట్టీ దగ్గరికి వెళ్తే మేస్త్రి లేడు, డాక్టరు దగ్గరికి వెళ్లాడట. బట్టీ ఆయనతో, నిన్న గది చూసిన పెద్దావిడ వద్దందని చెప్పు నాయనా అన్నాను. వేడి రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చాను. పుణ్యకార్యం చేసినట్టు ఒళ్లు తేలికైంది. నాలాంటి అత్త ఎక్కడుంటుందిలే అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

ఆదివారం మధ్యాహ్నం నుంచి ఎదురుచూడటం మొదలుపెట్టాను, వీళ్లిద్దరూ ఎప్పుడు బయల్దేరతారా అని. చిన్నకోడలు తల దువ్వుకుంది. కూర్చుంది. లేచి కిటికీలోంచి చూసింది, నా కేసి చూసింది, మళ్లీ కూర్చుంది. చిన్నాడు కాగితం ముక్కలు చుట్టచుట్టి పక్కన పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. టీ అయింది. ఎండ గోడ మీదకి ఎక్కింది. ఇక నా వల్ల కాలేదు. ఏమర్రా, మేస్త్రి దగ్గరికి వెళ్లరా అని అడిగాను.

చిన్నకోడలు తెల్లబోయింది. "మీరు నిన్ననే చెప్పలేదా అత్తయ్యా?"

"నేనేం చెప్పాలి?"

"మీరు తీసుకుంటానని."

అప్పుడు బయటపడింది. నిన్న నేను సందులోంచి వచ్చిన కాసేపటికే ఆ పిల్ల వీధి దాటి వెళ్లి, మేస్త్రితో మాకు వద్దండీ అని చెప్పేసిందట. ఎందుకు వద్దో చెప్పలేదు. నా పేరెత్తితే నాకు చిన్నతనంగా ఉంటుందని ఎత్తలేదు. మొగుడికి కూడా ఆ గది ఇరుకుగా ఉందని అబద్ధం చెప్పిందట. నేనేమో పొద్దున్న నాకూ వద్దని చెప్పి వచ్చాను.

మొహమాటానికి పోతే కడుపయిందని మోటు సామెత ఒకటుంది. మా ఇంట్లో మొహమాటానికి పోతే గది పోయింది.

ముగ్గురం పరుగెత్తాం. నేను ఆ వయసులో ఆ వీధిలో పళ్లబళ్లని తప్పించుకుంటూ ఎలా నడిచానో నాకే తెలియదు. మెట్లెక్కేసరికి గది తలుపు తీసుంది. లోపల ఒకాయన, సంగీతం చెప్పుకునేవాడట, వాయిద్యం పెట్టె గోడకి ఆనించి, మేస్త్రి చెప్తుంటే మంచం పైకి ఎత్తి మూస్తున్నాడు. నెమ్మదిగా, చక్కగా మూస్తున్నాడు. తప్పు పట్టడానికి కూడా లేదు.

మేస్త్రి మమ్మల్ని చూసి చాలా నొచ్చుకున్నాడు. "ఇద్దరూ వద్దన్నారు కదమ్మా. నాకు మీకివ్వాలనే ఉండింది," అన్నాడు.

ఆయన మాట ఇచ్చేశాడు. మాట ఇచ్చాక వెనక్కి తీసుకునే మనిషి కాదు, మేమూ అడగలేదు. మళ్లీ అదే మొహమాటం. కొత్తాయన మంచినీళ్లు తాగుతారా అని అడిగాడు. తాగి వచ్చేశాం. దారిలో చిన్నాడు ఒక్క మాట అన్నాడు, మీ ఇద్దరి మంచితనం మండిపోనూ అని. వాడు నా మీద అలా విసుక్కోవడం అదే మొదలు, నాకు కోపం కూడా రాలేదు.

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల గదులు చాలా చూశాం. తలుపుంటే గాలి లేదు, గాలుంటే నీళ్లు లేవు, అన్నీ ఉన్నవి మా అందుబాటులో లేవు. కొన్నాళ్లకి వెతకడం మానేశారు. పెద్దకోడలికి లోపల సంతోషమే, ఇంటి పని పంచుకునే మనిషి పోలేదని. చిన్నకోడలు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. దుకాణానికి వెళ్లేటప్పుడు మాత్రం బట్టీ ముందునుంచి కాకుండా వెనక వీధిలోంచి వెళ్తోందని పెద్దాడి కూతురు చెప్పింది.

నాకు మనసు మనసులో లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేగానీ, ఏదో ఒకటి చెయ్యకపోతే తిండి సయించేలా లేదు. ఒకరోజు చిన్నాడూ, చిన్నకోడలూ పనుల్లోకి వెళ్లగానే పెద్దాణ్ణి కూర్చోబెట్టి, వెనక గదిలో తానులన్నీ కిందికి దింపించాను. మెట్ల కింద పెట్టుకో, ఎలుకలు కొడితే కొట్టనీ అన్నాను. నా మంచం, నా పెట్టె హాల్లో పరదా వెనక్కి మార్చుకున్నాను. వాళ్ల సామాను వెనక గదిలో పెట్టించాను. తలుపుకి ఇన్నేళ్లుగా తుప్పు పట్టిన గడియకి నూనె రాసి, అటూ ఇటూ ఆడేదాకా తోమాను. సాయంత్రం చిన్నాడు వచ్చి గొడవ పెట్టుకోబోయాడు. ఈసారి మాత్రం నోరు తెరిచాను. నలుగురూ అనుకునేది అనుకోనీ, నా శవాన్ని దాటుకుని వెళ్లి నా మంచం జరుపు అన్నాను. ఊరుకున్నాడు.

కానీ ఆ గడియ పడలేదు. తలుపు దగ్గరగా వేస్తారు, అంతే. సందులోంచి దీపం వెలుగు కనపడుతూనే ఉంటుంది. బయట పరదా వెనక నేను పడుకుని ఉంటే, నా మొహం మీదే గడియ వేసినట్టు ఉంటుందని ఆ పిల్ల బాధ. గడియ వేసుకోండే అని రెండు మూడుసార్లు అన్నాను. అలాగే అత్తయ్యా అంటుంది. వెయ్యదు.

మొన్నామధ్య ఒక సెలవురోజు మధ్యాహ్నం పెద్దాడు పెళ్లాం పిల్లలతో బయటికి వెళ్లాడు. చిన్నాడు లోపల పడుకున్నాడు. చిన్నకోడలు నీళ్ల కోసం హాల్లోకి వస్తే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాను. చెప్పకపోతే చచ్చిపోతానేమో అనిపించింది.

"ఆ గది నాకు కావాలనిపించిందమ్మాయ్. ఎంతో కావాలనిపించింది. నువ్వడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల తల వంచుకుని పరదా అంచు నలుపుతూ కూర్చుంది.

"నాకు తెలుసత్తయ్యా. తలుపు తీసినప్పుడే మీ మొహంలో చూశాను," అంది. పరదా అంచు వదిలి, "మీరు ఔనంటే ఇంకో మాట అడుగుదామని వచ్చాను ఆ రాత్రి. మీరు అక్కడికి వెళ్తే ఈ వెనక గది మాకిస్తారా అని. మీరు ఔననకుండా అది అడిగితే, గది కోసం మిమ్మల్ని వెళ్లగొడుతున్నట్టు ఉంటుంది కదా. అందుకే ఆగాను," అంది.

తాను మడత అయిపోయాక కూడా కొస పట్టుకుని ఎందుకు నిలబడిందో అప్పుడు తెలిసింది. ఇద్దరికీ సరిపడా తలుపులున్నాయి. లెక్క ఆ పిల్ల ముందే వేసుకుని నా దగ్గరికి తెచ్చింది. నా నోటినుంచి ఒక్క ఔను రావాలని నిలబడింది. నేను కొస లాక్కున్నాను.

ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఆ పిల్ల కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. నా కొంగుతోనే తుడిచాను.

"వెళ్లు. వెళ్లి గడియ వేసుకో. నా మీద దయ ఉంటే వేసుకో," అన్నాను.

లేచి వెళ్లింది. తలుపు దగ్గర ఒకసారి ఆగింది. తర్వాత తలుపు మూసుకుంది, వెనకే గడియ పడిన చప్పుడు వినపడింది. హమ్మయ్య అనుకుని పక్క మీద వాలాను. కోడలు సుఖపడాలని కోరుకున్నదాన్నే, సంతోషించాల్సినదాన్నే. కానీ ఆ చప్పుడు వినేసరికి నాకు ఆ పిల్ల మీద అసూయ పుట్టింది. ఇప్పటికీ రోజూ పుడుతుంది.